వరస తప్పిన సొనాటాలు

నల్లగండ్ల,
9 జులై 2011, శనివారం.

ఈరోజు పనులు: ఆయన్ను పక్కకు తిప్పడం నాలుగుసార్లు. దుప్పట్లు మార్చడం రెండుసార్లు. చెంచాతో జావ తాగించడం ఐదుసార్లు, ఒక్కోసారికి నలభై నిమిషాలు. మాత్రలు పదకొండు. కుడి చేతికి, కుడి కాలికి రెండు పూటలా వ్యాయామం. మంచినీళ్ల డబ్బాలు రెండు వేయించాను. ఇక ఈ ఉత్తరం.

బాలనర్సయ్య అన్నగారికి,

లక్ష్మీదేవి నమస్కారాలు. ఏప్రిల్‌లో మీరు వచ్చి మీ స్నేహితుణ్ణి చూసి వెళ్లాక మళ్లీ కబురు లేదు. ఫోన్ చేస్తే మీ అమ్మాయి స్రవంతి తీసింది. ముప్పై ఏళ్లు పియానోలు శ్రుతి చేసి మీ చెవులు దెబ్బతిన్నాయని, ఫోన్‌లో సగం మాట వినబడదని, ఉత్తరమైతే చదువుకుంటారని చెప్పింది. నాకూ అదే నయం. ఫోన్ చేసినవాళ్లందరూ నేను ఏడుస్తానని ఎదురుచూస్తూ ఉంటారు. నాకు ఏడుపు రావడం లేదు. రానిదాన్ని ఎక్కడి నుంచి తెచ్చేది?

పక్షవాతం వచ్చి నాలుగు నెలలు దాటింది. ఆయనకు మాట లేదు. డాక్టరు ఎడమచెయ్యి ఎత్తమంటే ఎత్తలేదు, కళ్లు మూసుకోమంటే ఫ్యాను చూశారు. మనం అనేది అర్థం కావడం లేదనే అనుకోండి అన్నాడు డాక్టరు. మాటలు నేర్పే ఆమె మాత్రం, ఆయనకు బాగా ఇష్టమైన సంగీతం వినిపించి చూడమంది.

పదేళ్లపాటు ఆదివారాలు మీరిద్దరూ ముందుగదిలో తలుపు వేసుకుని పియానో సొనాటాలు విన్నారు. నేను రెండు కాఫీలు తలుపు బయట స్టూలు మీద పెట్టేదాన్ని. లోపల ఏం వింటున్నారని ఒక్కరోజూ అడగలేదు. ఇప్పుడు బీరువాలో నూట నలభై సీడీలు ఉన్నాయి. అన్నిటి మీదా నాకు పలకడం రాని పేర్లే. ఏవి వినిపించాలో దయచేసి రాయండి.

లక్ష్మీదేవి

*

జనగామ,
17 జులై 2011.

చెల్లె లక్ష్మీదేవికి,

బాలనర్సయ్య దీవించి రాసేది. నీ ఉత్తరం అందింది. మా దోస్తానా ఎట్ల మొదలైందో నీకు సుబ్బరాయుడు చెప్పిండో లేదో. హైటెక్ సిటీల ఆయన కరెంటు పని చూసే బిల్డింగుల, కింద హాల్ల, ఒక పెద్ద పియానో ఉండె. షోకుకు కొన్నరు. వాయించేటోడు ఒక్కడు లేడు. అయినా ఏడాదికి రెండుసార్లు శ్రుతి చెయ్యాలని కాగితంల రాసి ఉండె గనుక నేను పోయేది. పని అయినంక పరీక్షకు ఒక ముక్క వాయించి లేచేది. ఒకనాడు మీ ఆయన నిచ్చెన మీదికెల్లి దిగివచ్చి, "ఏమప్పా, నిలిపేస్తివి? తర్వాత ఏమాయె?" అని అడిగిండు. కథ సగంల ఆపితే పిల్లలు అడిగినట్టు అడిగిండు. తర్వాత ఏమాయెనో చెప్పనీకి నాకు పదేండ్లు పట్టింది.

ఇగ నువ్వు అడిగినయి. ముందుగాల మొజార్టు ఎ మైనరు సొనాటా పెట్టు. అది రాసిన యేడే ఆయన తల్లి పరాయి ఊర్ల చచ్చిపోయింది. అయినా దాంట్ల ఏడుపు ఉండదు, ఆగకుండ నడిచే మనిషి అడుగులుంటయి. నీకు నచ్చుతదనుకుంట. తర్వాత బీథోవెన్‌ది అందరు వెన్నెల అనేది పెట్టు. ఆ పేరు ఆయన పెట్టింది గాదు, గని లోకానికి అదే తెలుసు. ఎఫ్ మైనరుల ఆయనదే ఇంకోటి ఉన్నది. అది విన్నంక మీ ఆయన, నేను కొద్దిసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకోకపోయేది. బీథోవెన్ రాసిన ఆఖరు సొనాటా, ముప్పై రెండోది, మరిచిపోకు. దాంట్ల రెండే భాగాలు. అది అయినంక ఇంకేం వినబుద్ధి గాదు.

అన్నిటికన్న పైన షూబర్టు ఆఖరుది, బి ఫ్లాట్. చచ్చిపోయే రెండు నెలల ముందు రాసిండు, ముప్పై ఒక్క యేండ్లకు. పైన పాట నెమ్మదిగ పోతుంటది. ఇంతల పియానో కింది మెట్ల మీద, ఎడమచేతి కాడ, ఎక్కడనో దూరంగ ఉరిమినట్టు చిన్న వణుకు వస్తది. దాని కోసం సుబ్బరాయుడు వారమంత ఎదురుచూసేది.

ఒక్కటి యాదుంచుకో. సొనాటా అంటే ఒక్క పాట గాదు. రెండో మూడో నాలుగో భాగాలు ఉంటయి. అన్ని కలిస్తేనే ఒక మాట. ఒక ముక్క పెట్టి ఆపెయ్యకు.

నేనే వద్దామంటే ఈ తెలంగాణ బందులల్ల బస్సులకు భరోసా లేదు. వీలు చూసుకొని వస్త.

బాలనర్సయ్య

*

నల్లగండ్ల,
28 ఆగస్టు 2011.

అన్నగారికి,

మీరు రాసిన ఐదూ దొరికాయి. సీడీలు మార్చడం నాకు అలవాటు లేదని మా అమ్మాయి భార్గవి బెంగళూరు నుంచి రెండు రోజులు వచ్చి అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి వెళ్లింది. ఒక్కో సొనాటాకు ఫోల్డర్ అనే ఒక్కో అర. పాటల మిషన్‌కు తగిలించి మీట నొక్కితే భాగాలన్నీ వాటంతట అవే వస్తాయి. సాయంత్రం నాలుగున్నరకు పెట్టి, అక్కడే కూర్చుని కూరగాయలు తరుగుతున్నాను. ఏ రోజు ఏది పెట్టానో, ఆయన ఏం చేశారో పుస్తకంలో రాస్తున్నాను. ముప్పై రోజుల్లో తేలింది ఇది.

మొజార్టు ఐదుసార్లు పెట్టాను. ఆయన కదల్లేదు. వెన్నెల నాలుగుసార్లు పెట్టాను. కదల్లేదు, రెండుసార్లు నిద్రపోయారు.

ఎఫ్ మైనరుది మూడుసార్లు పెట్టాను. మొదటి పది నిమిషాలు ఊరకే ఉన్నారు. రెండో భాగం మొదలవగానే ఎడమచేత్తో మంచం కమ్మీని రెండుసార్లు కొట్టారు. మూడు రోజులూ అక్కడే.

బీథోవెన్ ఆఖరుది జోలపాటలా మొదలై, మధ్యలో గలగలా పరుగెత్తి, సన్నగా పైకి పోయి, చివరి భాగంలో పిడుగులు పడతాయి. జోలపాట దగ్గరే, మొదలైన నిమిషంలోపే కొట్టారు. షూబర్టుది మరీ కష్టమైంది. గంట కొట్టినట్టు ఒక స్వరంతో మొదలవుతుంది. ఆ స్వరం వినగానే గొంతులో ఏదో శబ్దం చేస్తూ, వేళ్ల కణుపులు కందిపోయేదాకా కమ్మీని కొట్టారు. మీరు చెప్పిన ఉరుము మూడో భాగంలో వచ్చింది. అప్పటికి అలసిపోయి గోడవైపు తిరిగి ఉన్నారు.

పగటిపూట సాయానికి వచ్చే చంద్రమ్మ ఇదంతా చూసి, "అమ్మా, సారుకు గా టుంగుటుంగు పడ్తలేదు. బంద్ చెయ్యి. ముందే పానం బాగలేని మనిషి, ఇంకా పరేషాన్ చేస్తవా?" అంది.

మా బావగారు పెద్దన్న, మా ఆయనకు అన్న, ప్రొద్దుటూరు నుంచి వచ్చారు. మంచం కాళ్లవైపు నిలబడి చూసి, "వీనికి తెలివి లేదమ్మా. రేపు తెలంగాణ ఇచ్చేస్తే ఈ ఊర్లో మనల్ని ఉండనిస్తారా? మా ఇంట్లో ఎనక గది ఖాళీగా ఉంది. దీపావళి పోయినాక వచ్చి తీసకపోతా" అన్నారు. ఒకమాట ఆయన్ను అడగాలి కదా బావా అన్నాను. "ఎవుర్ని అడిగేది? ఆ పైన తిరిగే ఫ్యాన్ను అడుగు" అన్నారు.

సరేనన్నాను. ఉండాలని నాకు ప్రత్యేకంగా లేదు, పోవాలనీ లేదు. సామాను ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది. ఆయనేమైనా చెప్పగలిగితే దాని ప్రకారం చేసేదాన్ని.

సంగీతం ఆపేశాను. మీరు శ్రమపడి రాసినందుకు కృతజ్ఞతలు.

లక్ష్మీదేవి

*

జనగామ,
27 సెప్టెంబర్ 2011.

చెల్లెకు,

నీ ఉత్తరం వచ్చిననాడు ఒకసారి చదివి, మనసు మంచిగలేక పక్కన పెట్టిన. సకల జనుల సమ్మెకు ఇయ్యాల్టికి పదిహేను రోజులు. స్రవంతి పాఠాలు చెప్పే బడి బంద్ అయింది, ఆమె రోజు ధర్నాల కూసుంటున్నది. ఊరంత ఆగిపోయింది. పని లేక నిన్న నీ ఉత్తరం మళ్ల తీసి చదివిన. చదువుకుంట చదువుకుంట కుర్చీలకెల్లి లేచిన.

చెల్లె, బీథోవెన్ ఆఖరు దాంట్ల పిడుగులు చివర పడయి. మొదలే పడ్తయి. జోలపాట తర్వాతది. షూబర్టు ఉరుము మూడో భాగంల రాదు. సొనాటా మొదలైన అర నిమిషానికే వస్తది. నువ్వు గంట అని రాసినవే, అది నాలుగో భాగం మొదలు.

నీ పెన్‌డ్రైవ్‌ల భాగాలు వరస తప్పినయి. ఈ భాగాలకు మన పాటల లెక్క పేర్లుండయి. ఎంత తొందరగ, ఎంత నిమ్మలంగ వాయించాల్నో, అదే పేరు. భార్గవి ముందల అంకె వెయ్యకుండ ఆ పేర్లే రాసి ఉంటది. మిషన్‌కు సంగీతం ఏం తెలుసు? ఇంగ్లీషు అక్షరాల వరస పట్టుకొని వాయించుకుంట పోయింది. పిల్లను ఏమనకు. నాకు గూడ తెల్వకపోవు.

ఇప్పుడు నీ లెక్క చూడు. మొజార్టుకు, వెన్నెలకు అక్షరాల వరస, అసలు వరస నసీబుకొద్ది ఒక్కటే. నేను నా సీడీ డబ్బాల మీద చూసి రాసుకున్న. ఆ రెండింటికే ఆయన ఊకున్నడు. ఎఫ్ మైనరు దాంట్ల మొదటి భాగం సరిగనే వస్తది, రెండోది రావాల్సిన జాగల మూడోది వస్తది. ఆయన కొట్టింది గూడ రెండోదాని కాన్నే. తక్కిన రెండు మొదట్నే తప్పు. మొదట్నే కొట్టిండు. తప్పు యాడ మొదలైతే ఆడ కొట్టిండు, ఒక్కసారి గూడ పొరపాటు వోలేదు.

ఇది తెలివి లేని మనిషి చేసే పనేనా? ఆయనకు సంగీతం పడక గాదు. మనం తప్పు పెట్టినమని చెప్పుకుంట వచ్చిండు, ఆ నెల రోజులు.

భార్గవికి చెప్పి పేర్ల ముందల ఒకటి, రెండు, మూడు వేయించు. షూబర్టు పెట్టి చూడు. మీ బావకు గూడ చెప్పు, తెలంగాణ వస్తది, గని వచ్చినంక నిన్ను పొమ్మనేటోడు ఎవ్వడు? మీ ఆయన, నేను పదేండ్లల ఒక్కటే లొల్లి పెట్టుకున్నం, అది గూడ మొజార్టు పెద్దనా షూబర్టు పెద్దనా అని.

బాలనర్సయ్య

*

నల్లగండ్ల,
13 అక్టోబర్ 2011.

అన్నగారికి,

మీ ఉత్తరం మూడో తేదీన అందింది. గుమ్మంలో నిలబడే చదివాను. ఆ సాయంత్రమే భార్గవి ఫోన్‌లో చెబుతుంటే పదిహేను పేర్ల ముందూ నేనే అంకెలు వేశాను. ముప్పావుగంట పట్టింది.

కానీ పెట్టలేదు. పది రోజులైంది. సమ్మెతో బొగ్గు రాక రోజూ కరెంటు పోతోందని రాద్దామనుకున్నాను. అది సగం అబద్ధం. నాలుగింటికల్లా వస్తోంది.

నేను ఎవరికీ చెప్పనిది మీకు రాస్తున్నాను. మే నెల పన్నెండో తేదీన మా చెల్లెలు భూలక్ష్మి ఫోన్ చేసింది. నేను ఆయన మంచం మీదే కూర్చుని ఆయన ఎడమకాలి గోళ్లు తీస్తున్నాను. ఎట్లా ఉన్నాడక్కా అని అడిగింది. "ఆ రోజే పోయి ఉంటే ఆయనకూ బాగుండేది, నాకూ బాగుండేది" అన్నాను. గొంతు తగ్గించలేదు. గదిలో కుర్చీ ఉంటే గొంతు తగ్గిస్తామా? మాట్లాడటం అయ్యాక కుడికాలి గోళ్లు కూడా తీశాను. దుఃఖంతో అనలేదు, కోపంతోనూ అనలేదు. బియ్యం అయిపోయాయి అన్నట్టు అన్నాను.

మీరు రాసింది నిజమైతే ఆయన ఆ మాట విన్నారు. విని, ఐదు నెలలుగా నా చేతి జావ తాగుతున్నారు.

నిజం కాకపోతే నాకు మేలు. దీపావళి ఇరవై ఆరున. ఆ తర్వాత బావ వస్తారు. అంతదాకా మీట నొక్కకుండా ఉంటే ఎవరికీ ఏమీ తెలియదు. నేను అదే చేస్తానేమోననిపిస్తోంది. ఏం చేయాలో మీరు చెప్పండి.

లక్ష్మీదేవి

*

జనగామ,
20 అక్టోబర్ 2011.

చెల్లెకు,

ఏప్రిల్ల నేను వచ్చిననాడు నువ్వు వంటింట్ల ఉంటివి. మీ బావ మంచం పక్కన ఉండె. నేను సుబ్బరాయుని చెయ్యి పట్టుకొని ఆయన ముఖం మీదనే అన్న, "ఇగ మనిషి అయిపోయిండు పెద్దన్నా. లోపల తీగెలు తెగినంక పైన చెక్క తుడిచి ఏం లాభం?" అని. నా పని మాటనే అన్న, పాడైన పియానో గురించి అన్నట్టు. మీ బావకు తెలివి లేదన్న మాట ఎవరు నేర్పిన్రు? నేనే.

బస్సులకు భరోసా లేదని నీకు రాసిన. జులైల బస్సులు బంగారమసొంటియి తిరిగినయి. రైలు ఎక్కితే గంటన్నర. నేను రాలే, అంతే. ఆ ముఖం మళ్ల చూడ చేతగాలే.

అందుకని నీకు ధైర్యం చెప్పే మనిషిని నేను గాను. ఒకటి మాత్రం చెప్త. ఆయనకు ఏం తెల్వదనుకుంటే మన ఇద్దరికి సుఖం. ఆయనకు ఏం సుఖం?

పెట్టు.

బాలనర్సయ్య

*

నల్లగండ్ల,
30 అక్టోబర్ 2011, ఆదివారం.

అన్నగారికి,

శుక్రవారం నాలుగున్నరకు షూబర్టు పెట్టాను. నా ఒళ్లో బీరకాయలు ఉన్నాయి. అర నిమిషానికి ఉరుము వచ్చింది. ఆయన చెయ్యి కమ్మీ మీదే ఉంది, కదల్లేదు. మొదటి భాగం ఇరవై నిమిషాలు. అది అయ్యాక చప్పుడు ఆగింది కదా అని, నీళ్లు తాగుతారా అని అడగబోయాను. "నీళ్లు" అన్నానో లేదో, ఆయన నావైపు చూడకుండానే ఎడమ అరచెయ్యి పైకెత్తి నాకు అడ్డం పెట్టారు.

చంద్రమ్మ చీపురు కింద పడేసింది. "అయ్యో అమ్మా! సారు నిన్ను నోరు మూసుకోమంటుండు!" అని నవ్వడం మొదలుపెట్టింది. ఆమెకూ అదే చెయ్యి చూపించారు. ఇద్దరం నోరు మూసుకుని మిగతా మూడు భాగాలూ విన్నాం. ఒక్క దెబ్బ పడలేదు. ఇంతకుముందు ఆగస్టులో విన్న భాగాలే, ఇప్పుడు ఒకటి చెప్పిన మాటను ఇంకొకటి అందుకుంటున్నట్టు ఉన్నాయి. నేను ఏడవలేదు. బీరకాయలు తరగడం మాత్రం మరిచిపోయాను.

తర్వాత ప్రొద్దుటూరు వెళదామా అని అడిగాను. ఏమీ లేదు. అప్పుడు తోచింది, డాక్టరూ నేనూ ఇన్నాళ్లూ అడుగుతూనే ఉన్నాం, అడిగినదానికి ఆయన ఏమీ చేయలేరు. తప్పు చెబితే కొడతారు. అందుకని చెప్పి చూశాను. "మీ పేరు పెద్దన్న" అన్నాను. రెండు దెబ్బలు. "మీ పేరు సుబ్బరాయుడు." ఊరకే ఉన్నారు. "ఇది మదీనాగూడ." రెండు దెబ్బలు. "మొజార్టు పెద్ద, షూబర్టు చిన్న." గట్టిగా కొట్టారు, మీ లొల్లిలో ఎవరు గెలిచారో మీకు తెలియాలి కదా. చివరికి, "దీపావళి అయిపోయింది, మనం ప్రొద్దుటూరు వెళ్లిపోతున్నాం" అన్నాను. రెండు దెబ్బలు. "ఇక్కడే ఉంటున్నాం." ఊరకే ఉన్నారు.

బావకు ఫోన్ చేసి రావద్దన్నాను. "ఎవురు చెప్పినారు నీకు?" అన్నారు. మీరు చెప్పినట్టే ఫ్యాన్ను అడిగాను బావా అన్నాను. తర్వాత, ఫోన్ వాని చెవి దగ్గర పెట్టమ్మా అన్నారు. పెట్టాను. ఏం చెప్పుకున్నారో నేను వినలేదు.

నిన్న చంద్రమ్మను కూరలకు పంపి, తలుపు వేసి, మంచం మీద అదే చోట కూర్చున్నాను. మే పన్నెండున భూలక్ష్మితో నేనన్న మాట మీరు విన్నారు అన్నాను. ఊరకే ఉన్నారు. అంటే విన్నారు. మొదటి సగం మళ్లీ చెప్పాను. "ఆ రోజే పోయి ఉంటే మీకు బాగుండేది." కమ్మీ మోగింది. రెండుసార్లు, షూబర్టును తప్పుగా పెట్టిన రోజున కొట్టినంత గట్టిగా. ఈ ఎనిమిది నెలల్లో ఆయనకు బతకాలని ఉందో లేదో అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

రెండో సగం కూడా చెప్పాను. "మీరు పోయి ఉంటే నాకు బాగుండేది."

దానికి కొట్టలేదు. నా ముఖం చూస్తూ ఊరకే ఉన్నారు. ఊరకే ఉండటానికి అర్థం ఏమిటో ఇప్పుడు మా ఇద్దరికీ తెలుసు. చాలాసేపు చూశాను, ఆ చెయ్యి లేస్తుందేమోనని. లేవలేదు. అప్పుడు నేనే చెయ్యెత్తి, ఆయన చేతి పక్కన, కమ్మీని రెండుసార్లు కొట్టాను.

సమ్మె ముగిసింది, బస్సులు తిరుగుతున్నాయి. మీరు అన్న మాట సంగతి నేను ఆయనకు చెప్పలేదు. అది మీరే వచ్చి చెప్పుకోవాలి. తలుపు తీసే ఉంచుతాను. ఈసారి కాఫీలు మూడు.

మీ చెల్లెలు,
లక్ష్మీదేవి

మే 12 నాటి మాట బాకీ: 29 అక్టోబర్, శనివారం, సాయంత్రం ఐదు గంటలకు చెల్లు.